అయస్కాంతాలు లోపలికి తేరాదు

బ్యాటరీ పెడితే నడిచేది కూడా ఒక వాచీయేనా అని వాచీ మాస్టారు ముప్పై ఏళ్లుగా షాపుకొచ్చిన వాళ్లందరినీ ఎద్దేవా చేశాడు. ఇప్పుడు ఆయన ఛాతీలోనే బ్యాటరీ పెట్టారు. తలుచుకున్నప్పుడల్లా ఆయనకే నవ్వొస్తుంది.

మందులకు లొంగని ఫిట్స్ ఆయనవి. డాక్టరమ్మ ఎడమ భుజం కింద చిన్న మిషను అమర్చి, దాని తీగను మెడలోని వేగస్ నరానికి చుట్టింది. అయిదు నిమిషాలకోసారి అది నరాన్ని తట్టి మెదడును శాంతపరుస్తుంది. తట్టిన అర నిమిషమూ గొంతు బొంగురుపోతుంది. "మన షాపులో సెకను తప్పకుండా నడిచేది నా గొంతొక్కటే" అని మాస్టారు తన మీద తనే జోకులేసుకునేవాడు.

అసలు చిక్కు దాంతోపాటు ఇచ్చిన రెండు అయస్కాంతాలతో వచ్చింది. ఒకటి ఆయన మణికట్టుకు, ఒకటి భార్యకు. ఫిట్స్ వచ్చే ముందు ఆయనకు రబ్బరు కాలిన వాసన వస్తుంది. అప్పుడు అయస్కాంతాన్ని ఛాతీ మీదుగా జరిపితే మిషను ఇంకో తట్టు తడుతుంది, చాలాసార్లు ఫిట్స్ అక్కడే ఆగిపోతుంది. కానీ అయస్కాంతం సోకితే కీ వాచీకి పిచ్చెక్కుతుంది, పరుగు లంకించుకుంటుంది. అందుకే గుమ్మం మీద ఆయన స్వహస్తాలతో రాసిన బోర్డు ఉంది: అయస్కాంతాలు లోపలికి తేరాదు.

"ఇంకోసారి షాపులో పడ్డారంటే షట్టరు దించేద్దాం, చెప్తున్నా" అంది భార్య.

"అయస్కాంతం పెట్టుకుంటానులేవే."

పెట్టుకునే బయల్దేరేవాడు. వీధి మలుపు తిరగ్గానే తీసి సంచిలో వేసేవాడు. షాపులో ఆ సంచిని బల్లకు దూరంగా, తలుపు వెనక మేకుకు తగిలించేవాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం రబ్బరు వాసన వచ్చింది. ఎవరో లెక్చరరు తాతగారి వాచీ బల్ల మీద విప్పి ఉంది. సంచి దగ్గరికి పరుగెత్తాలా, చక్రాలు దొర్లిపోకుండా మూత పెట్టాలా అని మాస్టారు ఆలోచించాడు. మూతే పెట్టాడు. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాడు. ఎదురు షాపు టైలరు ఆయన్ను పక్కకు తిప్పి, తల కింద గుడ్డల మూట పెట్టాడు. వాచీ భద్రంగా ఉంది, నుదురు చిట్లింది. ఏది ముందో తెలిసిన మేధావిని, అనుకున్నాడు మాస్టారు.

కబురందుకుని భార్య వచ్చింది. సంచి దులిపితే అయస్కాంతం ఠంగుమని కింద పడింది. మాస్టారు కుక్కిన పేనులా కూర్చున్నాడు. ఈ రోజుతో తన బల్లకూ తనకూ రుణం తీరిపోయిందని నిజంగానే భయపడ్డాడు.

"షట్టరు దించేద్దామనే వచ్చాను" అంది ఆమె. "దించితే ఇంట్లో కూర్చుని నన్ను బాగుచెయ్యడం మొదలెడతారు. అది నా వల్ల కాదు. రేపట్నుంచి పదింటికి నేనొస్తా. నేనొచ్చేదాకా అది మీ చేతికుండాలి, వాచీ ముట్టుకోకూడదు. నేనొచ్చాక మీది తీసేసి పని చేసుకోండి. నా అయస్కాంతం పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంటా."

అలాగే జరిగింది. తొమ్మిది నుంచి పదిదాకా మాస్టారు వచ్చినవాళ్లకు బ్యాటరీలు అమ్ముకుంటూ, రోడ్డుకేసి చూస్తూ కూర్చునేవాడు. ఇన్నేళ్ల కాపురంలో భార్య కోసం ఆయన ఇంతగా ఎదురుచూసింది లేదు.

రెండు వారాలకు ఆమె తన వాచీ విప్పి బల్ల మీద పెట్టింది. పెళ్లికి ఆయన ఇచ్చిన కీ వాచీయే. అయస్కాంతమున్న చేతిని వీపు వెనక దాచుకుని నిలబడింది.

"రోజుకు పది నిమిషాలు ముందు నడుస్తోంది. దీన్ని నమ్ముకుని పొయ్యి మీద గిన్నె కూడా సరిగ్గా దించకుండా పరిగెత్తుకొస్తున్నా. వాచీ మాస్టారి పెళ్లాం వాచీ ఇలా ఉందంటే నలుగురూ నవ్విపోరూ?"

మాస్టారు కంటికి భూతద్దం బిగించి చూశాడు. అయస్కాంతం సోకింది. వదిలించడం రెండు నిమిషాల పని. అయినా వదిలించకుండానే మూత బిగించి, అద్దం తుడిచి, తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏమైందండీ దీనికి?"

"ఏం కాలేదు. బాగానే నడుస్తోంది" అన్నాడు మాస్టారు.

గొంతు బొంగురుపోయింది. మిషను తట్టడానికి ఇంకా మూడు నిమిషాలుంది.