ఎడమ సగం

వీధిలో అందరూ ఆయన్ని మెదళ్ళాయన అనేవారు. ముప్ఫై ఏళ్ళుగా బడుల కోసం ప్లాస్టర్ మెదళ్ళు పోతపోస్తున్న మనిషిని మరేమని పిలుస్తారు? ముందుగదిలో బల్లమీద మెదళ్ళు, కిటికీ గట్టుమీద మెదళ్ళు, మంచం కింద అట్టపెట్టెల్లో మెదళ్ళు. “ఇంటినిండా ఇన్నున్నాయి, మీ బుర్రలోకి మాత్రం ఒక్కటీ ఎక్కలేదు” అని భార్య రోజుకొకసారైనా అనేది. ఆ మాట వినకపోతే ఆయనకు పొద్దు గడిచేది కాదు.

పోత ఆయనది, రంగులు ఆమెవి. నుదుటి వెనక, ఆలోచనలూ నిర్ణయాలూ పుట్టేచోట నీలం. చెవుల దగ్గర, వినికిడికీ జ్ఞాపకానికీ పసుపు. బాగా వెనకాల, చూపు ఉండేచోట ఎరుపు. నడినెత్తికి కాస్త వెనగ్గా, తాకిడినీ, మన చుట్టూ ఏది ఎక్కడుందన్న ఎరుకనూ చూసుకునేచోట ఆకుపచ్చ. బొమ్మను బడికి పట్టుకెళ్ళినప్పుడల్లా ఆయన పిల్లల ముందు దాన్ని ముక్కలుగా విడదీసి ఉపన్యాసం దంచేవాడు. “ఎడమ మెదడు కుడిచేతిని ఆడిస్తుంది, కుడి మెదడు ఎడమచేతిని. ఎందుకంటే నరాలు కిందికి దిగేటప్పుడు ఇదిగో, ఇక్కడ, అటువి ఇటూ ఇటువి అటూ దాటుకుంటాయి” అనేవాడు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చెప్పడానికేం, నోరుంటే చాలు.

గొడవంతా ఆ నోటివల్లే వచ్చింది. కొత్త బొమ్మలు చూడ్డానికొచ్చిన సైన్సు మాష్టారు రంగుల్ని తెగ మెచ్చుకుంటుంటే ఈయనకెందుకో చిర్రెత్తింది. “పనంతా పోతలోనే ఉందండీ. రంగులదేముంది, మా ఆవిడ ఊరికే కూర్చుని పూస్తుంది” అనేశాడు. వంటింటి గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడ్డ ఆమె ఆ మాట వింది. గ్లాసులు బల్లమీద పెట్టి, పల్లెత్తు మాటనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మూడోరోజున ఆమె పూర్తయిందని పక్కన పెట్టిన మెదడును చూసి ఆయన నోరెళ్ళబెట్టాడు. కుడి సగం ఎప్పటిలాగే, ఒక రంగు ఇంకో రంగులోకి పారకుండా, ముచ్చటగా ఉంది. ఎడమ సగం మీద చుక్క రంగు లేదు.

‘ఓహో! రంగులదేముందన్నానుగా, అయితే సగం మీరే పూసుకోండి అంటోందన్నమాట. ఎంత గడుసుది!’ అనుకున్నాడు. కోపం రాలేదు సరికదా, లోలోపల నవ్వొచ్చింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. క్షమించమని ఎవరూ ఎవర్నీ అడగరు. అడగడం ఇద్దరికీ నామోషీ. తగ్గదలుచుకున్నవాళ్ళు, రెండోవాళ్ళు వదిలేసిన పనిని నోరెత్తకుండా పూర్తిచేసి పెడతారు. అది చూసి రెండోవాళ్ళు నవ్వితే గొడవ తీరినట్టు. అందుకని ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తుండగా ఆయన బ్రష్షు పట్టుకుని ఆ ఎడమ సగం తనే పూశాడు. పిల్లవాడి రాతలా వంకరటింకరగా వచ్చింది. లేచి చూసి పకపకా నవ్వుతుందనుకున్నాడు. ఆమె ఆ బొమ్మను మామూలుగా పెట్టెలో సర్దేసి, ఇంకోటి ముందుకు లాక్కుంది. దానికీ కుడి సగమే వేసింది.

భోజనం దగ్గర ఆయన ఎప్పుడూ ఆమె ఎడమపక్కన కూర్చునేవాడు. ఒకటి రెండుసార్లు పలకరించి చూశాడు. ఆమె అవతలి వైపు గోడకేసి చూసి ఊరుకుంది. దాంతో ఆయనకూ పంతం వచ్చి నోరు కట్టేసుకున్నాడు. ఆమె పళ్ళెంలో సగం తిని సగం వదిలేస్తే, తిండిమీద అలగడమేమిటని సణుక్కున్నాడు. తలుపును ఎడమ భుజంతో గుద్దుకుంటూ పోతే, విసురు చూపిస్తోందనుకున్నాడు. ఒకపక్క జుట్టు దువ్వుకోకుండా తిరిగితే, అదీ తన మీద కోపమేననుకున్నాడు. పన్నెండో బొమ్మకు ఎడమ సగం పూస్తుండగా ఆకుపచ్చ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. ఏది ఎక్కడుందన్న ఎరుక ఉండేచోటది; ఈమెకు ఒక పక్క అసలు తెలియడం లేదేమోనన్న అనుమానం తగిలింది. కానీ భయపడ్డం కన్నా కోప్పడ్డమే తేలికనిపించిందేమో, బ్రష్షు మళ్ళీ రంగులో ముంచాడు. అలా పంతొమ్మిది రోజులు, పంతొమ్మిది బొమ్మలు.

ఇరవయ్యోరోజు పొద్దున ఆమె స్టూలు మీంచి ఎడమపక్కకు ఒరిగి పడిపోయింది. ఆ పక్క చెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కాను చూపించి వివరించబోతుంటే ఆయన వినిపించుకోలేదు. ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. కుడివైపు, నడినెత్తికి వెనగ్గా, తన భార్య ముప్ఫై ఏళ్ళు ఆకుపచ్చ రంగేసిన చోటు.

“ఇక్కడ పాత దెబ్బ ఒకటుందండీ, చిన్నది” అంది డాక్టరమ్మ. “రెండు మూడు వారాల కిందట రక్తం గడ్డ అడ్డుపడి ఉంటుంది. ఇవాళ్టిది పెద్దది. ఈ మధ్య ఆవిడలో ఏమైనా తేడా కనబడిందా? ఎడమవైపున్నవాటిని పట్టించుకోకపోవడం లాంటిది?”

“లేదమ్మా” అన్నాడు.

వరండాలోకొచ్చి కూర్చున్నాడు గానీ కూర్చోలేకపోయాడు. తిరిగి లోపలికెళ్ళి, “కనబడిందమ్మా. పంతొమ్మిది రోజులు కనబడింది. నేనే పూసి కప్పెట్టాను” అని జరిగిందంతా చెప్పాడు. “అప్పుడే తీసుకొచ్చుంటే?”

“వెంటనే మందులు మొదలుపెట్టేవాళ్ళం. ఇది ఆగేదేమో. కచ్చితంగా ఆగేదని మాత్రం చెప్పలేనండీ.”

కచ్చితంగా ఆగేదని ఆమె అనుంటే బాగుండేదనిపించింది ఆయనకు. గట్టిగా తిట్టుకోవడానికైనా వీలుండేది. అక్కడే గోడకానుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఎనిమిదోరోజుకు ఆమె మాట తేటపడింది. కుడిపక్కనే కూర్చుని మాట్లాడమని డాక్టరమ్మ చెప్పడంతో ఆయన కుర్చీ అటు వేసుకున్నాడు. ఆమె కళ్ళు ఆయన మీద నిలిచాయి.

“నన్ను క్షమించవే” అన్నాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనని మాట. “నువ్వు ఎడమ సగం వదిలేస్తుంటే నామీద అలిగావనుకున్నాను. ఒంట్లో బాగాలేదని తెలుసుకోలేకపోయాను.”

“నేనెక్కడ వదిలేశానండీ?” ఆమెకు నిజంగానే కోపమొచ్చింది. “ఒక్క బొమ్మయినా సగంలో ఆపే అలవాటుందా నాకు? అన్నీ పూర్తిగా వేశాను!”

ఆయనకప్పుడు అర్థమైంది. వదిలేసిన సంగతి తెలియాల్సిన చోటే ఆమెలో దెబ్బతింది. జరిగిందే తెలియని మనిషి క్షమించేదేమిటి, క్షమించకపోయేదేమిటి? అడగవలసిన రోజుల్లో అడగలేదు. ఇప్పుడు అడిగినా తీరేది కాదు.

“అవునవును, పూర్తిగానే వేశావు” అన్నాడు. “నీ రంగులు లేకపోతే అవి ఉత్త ప్లాస్టర్ ముద్దలు. మాష్టారితో తప్పుగా అన్నాను.”

ఆమె మెత్తబడింది. కుడిచేత్తో ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

“ఆ కోపం నాకు రెండు రోజులకే పోయిందండీ. నేనే పలకరిద్దామని భోజనాల దగ్గర రోజూ చూసేదాన్ని. మీరసలు వచ్చేవారే కాదు.” ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “అన్ని రోజులు నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి ఎక్కడికి పోయారండీ?”

ఆ అన్ని రోజులూ ఆయన జానెడు దూరంలో, ఆమె ఎడమపక్కనే కూర్చుని ఉన్నాడు.

“పనుండి వెళ్ళానే” అన్నాడు. “ఇక వెళ్ళను.”