గాలెంత, పెట్రోలెంత

మెకానిక్ సమాధానం నోరు విప్పి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ ఇంజను బతికేది. చెప్పకూడదని ముందే అనుకున్నదేమీ లేదు. సీటు మీద పరిచిన యూరియా సంచి గరగరమనేదాకా చెప్పాలనే ఉన్నాడు.

ఆ ఇంజను ఆయన చేతిదే. కావలి పక్కన రోడ్డు వారగా ఉన్న రేకుల షెడ్డులో, వచ్చిన బళ్ళ పని అయ్యాక మిగిలిన పొద్దులో రెండేళ్ళు కట్టాడు. పాత కారు ఇంజను బ్లాకు తెచ్చి, సిలిండర్లు వెడల్పయ్యేలా లోపల బోరు కొట్టించాడు. పిస్టన్లు నాలుగూ బంగారం తూచే కాటాలో తూచి ఒక్క ఎత్తుకు తెచ్చాడు. గాలిని ఇంకా బలంగా లోపలికి తోసే టర్బో తగిలించాడు. అది స్టార్టయిన రోజు భార్య ఎస్తేరమ్మ, "నా మాట ఎప్పుడన్నా అట్టా చెవొగ్గి విన్నావా?" అని దెప్పింది. బోగోలు అవతల రొయ్యల గుంటలున్న పెంచలకృష్ణ ఆ మోత విని, కొని, తన కారులో పెట్టించుకున్నాడు. అమ్ముకున్నాడే గానీ సమాధానానికి అది పరాయి సొత్తు కాలేదు.

డ్యాష్‌బోర్డు మీద గుండ్రటి మీటరు పెట్టింది కూడా ఆయనే. సైలెన్సరు గొట్టంలో దిగేసిన సెన్సరు పొగ వాసన పట్టి, ఒక వంతు పెట్రోలు ఎన్ని వంతుల గాలితో కాలుతోందో చెబుతుంది. ఆ అంకె మీటరులో కనబడుతుంది. నిదానంగా పోయేటప్పుడు పద్నాలుగు, పదిహేను ఉన్నా పోయేదేం లేదు. అదిమి తొక్కినప్పుడు మాత్రం పన్నెండు దాటకూడదు. దాటితే పెట్రోలు చాలక, మంట ముదిరి, పిస్టన్లు కరుగుతాయి.

ఆదివారం హార్బరు రోడ్డులో పందెం. శనివారం పొద్దున ట్రయలుకు పోదామని సమాధానం ముందు సీటు తలుపు తీశాడు.

"ఆగరా," అన్నాడు పెంచలకృష్ణ. సమాధానం కన్నా పదేళ్ళు చిన్న. "హజరత్తయ్యా, ఆ యూరియా సంచి తెచ్చి సీటు మీద ఎయ్యి. వీడు కూర్చుంటే కడిగినా పోదు."

"గ్రీసా అన్నా?" అన్నాడు వెనక సీట్లో ఉన్న స్నేహితుడు వెంకటేష్.

"గ్రీసయితే పోతాది గదా."

నవ్వుకున్నారు. డ్రైవరు హజరత్తయ్య తల వంచుకుని సంచి పరిచాడు. సమాధానం దాని మీద కూర్చున్నాడు.

గుంటల మధ్య రోడ్డులో పెంచలకృష్ణ అదిమి తొక్కాడు. మీటరులో పదకొండున్నర నిలబడింది. సమాధానం మనసు కుదుటపడింది.

"ఏందిరా, లీటరుకు పదకొండేనా? సంగం ఊళ్ళో మా నాయన తోలిన డొక్కు జీపే పన్నెండిచ్చేది."

ఆ అంకెను పెంచలకృష్ణ మైలేజీ అనుకుంటున్నాడని సమాధానానికి అప్పుడు తెలిసింది. చెప్పబోయి కదిలాడు. కింద సంచి గరగరమంది. నోరు మూసుకున్నాడు.

"పెంచచ్చా?"

"పెంచచ్చన్నా. బానెట్టు కింద పెట్రోలు ప్రెజరు బోల్టుండాది. ఎడమకు తిప్పితే అంకె పెరుగుతాది."

ఒక్క మాటలోనూ అబద్ధం లేదు.

"నేనే తిప్పుకుంటాలే. నువ్వు ముట్టుకోబాక."

ఆదివారం పందెం మొదలయ్యే చోట పెంచలకృష్ణ అందరినీ పిలిచి మీటరు చూపించాడు. "పదహారిస్తాంది అబ్బయా." సమాధానం జనంలోనే నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తితే కనబడేంత దూరం. ఎత్తలేదు. కారు ముందుకు దూకింది. కాసేపటికి డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు మోత మొదలైంది. మొదట సమాధానానికి తియ్యగానే ఉంది. మోత ముదిరేకొద్దీ జనాన్ని తోసుకుని రోడ్డు మీదికి వచ్చాడు. అప్పటికి తెల్లటి పొగ లేచింది.

సోమవారం షెడ్డులో ఇంజను దించి విప్పాడు. పెంచలకృష్ణ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండు పిస్టన్లు ఎండకు పెట్టిన బెల్లం అచ్చుల్లా జారి ఉన్నాయి. సమాధానం సిలిండరు గోడ వేలితో తడిమాడు. గీత కూడా పడలేదు. ప్రాణం లేచొచ్చింది.

"బ్లాకుకేం కాలేదన్నా. పెట్రోలు చాలక పిస్టన్లే పోయినాయి. పన్నెండులో ఉండుంటే..."

నాలుక కరుచుకున్నాడు. పెంచలకృష్ణ వెర్రిబాగులోడేం కాదు.

"పన్నెండులో ఉండాలని శనివారమే తెలుసా?"

సమాధానం చేతిలో పిస్టనును గుడ్డతో తుడిచాడు.

"సంచి మీద కూర్చున్నప్పుడు తెలుసా?"

"తెలుసన్నా."

కొడతాడనుకున్నాడు. కొట్టలేదు. పెంచలకృష్ణ కాలు మీద కాలేసుకున్నాడు.

"పోతే పోయిందిలే. చెన్నై నించి కొత్తది దింపిస్తా."

"అయితే ఆ బ్లాకు నాకిచ్చెయ్యన్నా." సమాధానం ఆయన్ను ఎన్నడూ ఏదీ అడిగి ఎరగడు.

"ఇయ్యనని ఎవురన్నారు? ముక్కలు చేసి తీసుకో. నా బండిలో తిరిగింది ఇంకోడి బండిలో తిరగగూడదు. హజరత్తయ్యా, ఆ మూల సమ్మెట ఉండాది, తే."

"అన్నా..."

"నువ్వు కొట్టకపోతే హజరత్తయ్య కొడతాడు. వాడికి యాడ కొట్టాలో తెలీదు. పొద్దుగూకిందాకా కొడతానే ఉంటాడు. నువ్వు ఆ మోత ఇంటా కూర్చో."

హజరత్తయ్య సమ్మెట పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. సమాధానం దాన్ని అందుకున్నాడు. రెండో సిలిండరుకూ మూడోదానికీ నడుమ గోడ ఎంత పల్చనో బోరు కొట్టించిన వాడికే తెలుసు. అక్కడ చూసి ఒక్కటే వేశాడు. బ్లాకు నెర్రె విచ్చింది.

"ఇంకొకటి," అన్నాడు పెంచలకృష్ణ.