రంగులద్దే మనిషి నెత్తురు

నా భర్త ఖొదాదాద్ నల్లమందు మానేసి ఏడు నెలలైంది. ఇరవై రెండేళ్ళ అలవాటు. మానాక మోకాళ్ళు పీకేవి, నిద్ర పట్టేది కాదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ అన్న మాషాల్లా వచ్చి, టీ తాగుతూ, మా కెర్మాన్ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చెప్పే మాటే చెప్పారు.

"యాభై దాటాక మానినోడు ఏడాది బతకడురా. నీలాగే మానేసిన మన రహ్మాన్ ఏమయ్యాడు? రోజూ నాలాగా శనగగింజంత వేసుకో."

"రహ్మాన్ లారీ కింద పడ్డాడు కదా బావగారూ," అన్నాను.

"పడేంత నీరసం ఎందుకొచ్చిందమ్మా మరి?"

ఖొదాదాద్ కాదనలేదు. "రేపు ఆస్పత్రిలో నా నెత్తురు సంగతి చెబుతారు. బాగుపడలేదంటే నీ మాటే వింటాలే," అన్నాడు.

శనివారం బావగారే బండిలో దించారు, బయటే ఉంటానన్నారు. మానినవాళ్ళ నెత్తురు పరీక్షించే అమ్మాయి పేరు మహ్‌నాజ్.

"ఏళ్ళ తరబడి వాడితే ఒళ్ళు లోలోపల తుప్పు పడుతుంది బాబాయ్. నెత్తుటి తేటలో రసాయనం కలిపితే, తుప్పు ఎంతుంటే గొట్టంలో గులాబీ రంగు అంత చిక్కగా వస్తుంది. మీది బాగా తగ్గింది."

"నా మొహం చూసి చెబుతున్నావు. అంకెలు నాకు తెలియవు. రంగు చూపించు. నాదేదో చెప్పకు."

ఆయన ముప్పై ఏళ్ళుగా తివాచీల ఉన్నికి మంజిష్ఠ వేరుతో ఎరుపు అద్దుతున్నాడు. మహ్‌నాజ్ తొమ్మిది గొట్టాలు కలగలిపి ఇచ్చింది. మూడు ఆయనవే: మానిన రోజుది, మూడో నెలది, పోయిన వారానిది. మిగతావి ఇంకా వాడేవాళ్ళవి, ఎన్నడూ ముట్టనివాళ్ళవి.

"వీటిని ఉడకబెడతారా?"

"గంటసేపు."

"మరి మా పనే," అని గొట్టాలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ట్యూబులైటు అబద్ధాలాడుతుందట. చిక్కటి రంగు నుంచి పలచటి దాకా వరుసగా పేర్చాడు. చివరి రెండింటినీ మూడుసార్లు అటూ ఇటూ మార్చాడు. "ఇవి ఒకే తొట్టిలో ముంచినవి. తేడా లేదు," అన్నాడు.

మహ్‌నాజ్ యంత్రం ఇచ్చిన అంకెలతో సరిచూసింది. వరుస ఒక్కచోట కూడా తప్పలేదు. ఆయన మొదటి గొట్టం ఎక్కడుందని అడిగాను. అన్నిటికంటే చిక్కటి దాని పక్కన, రెండోది.

"పోయిన వారానిది?"

"ఆ చివరి రెండిట్లో ఒకటి బాబాయిది," అంది మహ్‌నాజ్. "రెండోది నాది. నేను సిగరెట్టు కూడా ముట్టను."

ఆయన మళ్ళీ ఆ రెండు గొట్టాలూ ఎండకు పట్టి చాలాసేపు చూశాడు.

బయట బావగారు బండి అద్దం దించారు. "ఏమన్నారు?"

"వాళ్ళేమీ అనలేదు, నేనే చూశాను," అన్నాడు ఖొదాదాద్, తలుపు తీసి అన్న మోచెయ్యి పట్టుకుంటూ. "దిగన్నా. లోపలికి పద, నీ రంగెంతో చూద్దాం."

"నాకు సూదంటే పడదురా."

"మీ తమ్ముడు పట్టుకుంటాడులెండి బావగారూ," అని నేను అటునుంచి తోయడానికి రెండో వైపు తలుపు తీశాను.