కామేశ్వరి తీసిన పూలు

పొద్దెక్కి తూర్పు కిటికీలో వెలుగు నిండాక లక్ష్మీకామేశ్వరి పీట మీద ఒక పువ్వు పెట్టేది. నీడ పడే వైపు తెల్లట్ట నిలబెట్టేది. ఎండ మరీ గుచ్చితే కిటికీకి పల్చటి పంచె కట్టేది. పోయిన మొగుడి కెమెరా ముందు తండ్రి తాలూకు భూతద్దం దారంతో చుట్టి, ఊపిరి బిగబట్టి, రేకుల మీది నూగు కూడా పడేంత దగ్గర్నుంచి ఫొటో తీసేది.

ఆమె అన్న కూర్మనాథానికి అరసవల్లి గుడివీధిలో స్టూడియో ఉంది. ఫిలిం కడిగి ఫొటోలు వేయడం అతని పని. ఆరిన ఫొటో సంపెంగిదైతే సంపెంగి వాసన, మొగలిదైతే మొగలి వాసన వేసేది. ఫొటో దిగిన పువ్వుకి మాత్రం వాసన పోయేది. దేవుడికిక పనికిరాదని తల్లి నారాయణమ్మ దాన్ని పెరట్లో పారేసేది.

"సంపెంగిదొకటి ఇయ్యండి బాబూ, పెట్టిలో కోకల మద్దిన ఎట్టుకుంతాను," అని గుడికొచ్చే బుల్లమ్మ లాంటివాళ్ళు కొనుక్కెళ్ళేవారు.

రాజాంలో డ్రాయింగు మాస్టారు చంద్రశేఖరం కూడా అలాగే కొనేవాడు. భార్య పోయినవాడు. విశాఖ ఉక్కు కోసం గొడవలు జరిగిన మరుసటేడు, మల్లెలు అయిపోవస్తున్న రోజుల్లో, వాళ్ళింటి అరుగు మీద కూర్చుని కామేశ్వరిని చేసుకుంటానన్నాడు.

నారాయణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె నోరు తెరిచేలోగానే కూర్మనాథం, "మా చెల్లెలికి ఆ ఉద్దేశం లేదండి," అనేశాడు.

కామేశ్వరి తలుపు వెనకే ఉంది. ఆమెనెవరూ అడగలేదు.

మాస్టారు వెళ్ళాక తల్లి నిలదీసింది. "అలా చెప్పేవేమిట్రా?"

"అది వెళ్ళిపోతే కొట్లో ఏం అమ్మమంటావు? యాత్రికుల మొహాలా?"

మర్నాటినుంచి కామేశ్వరి వెలుగున్నంతసేపూ కిటికీ వదల్లేదు. విరజాజి, పొన్న, పారిజాతం, ఏది పూస్తే అది తీసింది. మళ్ళీ మల్లెలు మొదలయ్యేసరికి పెరట్లో ఏ మొక్క పూసినా వాసన లేకుండానే పూసేది. స్టూడియోలో ఫొటోలు పెట్టడానికి చోటు లేదు.

"అన్నయ్యా, నీ జన్మకి సరిపోతాయి. మాస్టారికి కబురు చెయ్యి," అంది.

కూర్మనాథం ఫొటోల పెట్టెలన్నీ తెరిచి చూసుకుని, మర్నాడు తనే రాజాం బస్సెక్కాడు. సాయంత్రం తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెప్పాడు. "మాఘంలో ఆయనకి పెళ్ళయిపోయిందిటే. నువ్వు వద్దన్నావనుకున్నాడు."

"నేనన్నానా?"

అతను చెంబు బోర్లించి లోపలికి వెళ్ళిపోయాడు.

నారాయణమ్మ పెరట్లో గుప్పెడు మల్లెలు కోసుకొచ్చి మాల కట్టింది. మొగుడు పోయిన ఆడది తల్లో పువ్వు పెట్టుకోడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. ఆమె కూతురి వెనక నిలబడి, గొంతు తగ్గించి అంది.

"పెట్టుకోవే. పైన కొంగు కప్పుకుంటే సరి. వాసన రాదుగా, ఎవరికీ తెలీదు."

కామేశ్వరి మాల అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చన్నీళ్ళ తడి తప్ప ఏమీ లేదు. తిరిగి తల్లి చేతికిచ్చి, పెట్టమన్నట్టు తల వంచింది.