మూడో నంబర్ కంప్యూటర్ దగ్గర నాలుగు శనివారాలు

బోర్డులు రాసే పెయింటర్‌కి ఉన్నది ఒకటే గొంతు, అదీ పెద్దది. ఇరవై రెండేళ్లుగా నిచ్చెనెక్కి, కింద రోడ్డు మీద లారీలూ బస్సులూ హోరెత్తుతుంటే, పైనుంచి కేకలేసీ కేకలేసీ, నిచ్చెన దిగాక కూడా ఆ గొంతును కిందికి దించడం అతనికి చేతకాలేదు. ఇంట్లో మంచినీళ్లడిగినా వీధి చివర వాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. ఇక కోపం వస్తే చెప్పనక్కర్లేదు. చెయ్యి చేసుకునే రకమా అంటే, చీమను కూడా తొక్కే మనిషి కాదు. కాకపోతే గోడలు దద్దరిల్లేలా అరిచి, "ఇప్పుడు నేనేమన్నానని?" అని అమాయకంగా అడుగుతాడు. ఏమన్నాడో అతనికి తప్ప చుట్టుపక్కల అందరికీ తెలిసేది.

ఎనిమిదేళ్లు వేగి వేగి, భార్య ఆర్నెల్ల కిందట కూతుర్ని తీసుకుని వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుంది. గొడవేమీ లేకుండానే విడిపోయారు. గొడవలన్నీ అంతకుముందే అయిపోయాయి మరి. వారానికొకసారి, శనివారం నాలుగు గంటలకి, అరగంట వీడియోలో కూతుర్ని చూసుకోవచ్చని మాట్లాడుకున్నారు. అయితే గువ్వ, అంటే ఆ ఆరేళ్ల పిల్ల, తండ్రి ఫోన్ అంటేనే మంచం కిందికి దూరేది. ఈలోగా అతని ఫోన్ కాస్తా నిచ్చెన మీదనుంచి జారి ముక్కలైంది. బటన్ల ఫోనొకటి కొనుక్కుని గడుపుతుంటే, ఒకరోజు భార్యే ఫోన్ చేసింది.

"దాన్ని ఎన్నిసార్లని బతిమాలను? ఈ నెల నాలుగు శనివారాలు చూద్దాం. అప్పటికీ అది కూర్చోనంటే ఇక వదిలెయ్యండి. పెద్దయ్యాక దానికే బుద్ధి పుడితే అదే వస్తుంది."

"నేనేం చేశానని!" అన్నాడు పెయింటర్.

అవతల ఆవిడ ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నట్టుంది.

"ఇదిగో, ఇదే" అని పెట్టేసింది.

ఆ రాత్రి అతను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. నాలుగంటే నాలుగే శనివారాలు. పిల్ల పెద్దయ్యేదాకా ఆగడమంటే అతని గుండె ఆగేలా ఉంది. పైగా చేతిలో వీడియో కనపడే ఫోనైనా లేదు. అప్పుడు గుర్తొచ్చింది, లైబ్రరీలో జనం కోసం నాలుగు కంప్యూటర్లు పెట్టారని, మనిషికి గంటసేపు ఊరికే ఇస్తారని.

లైబ్రేరియన్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ సన్నటి మనిషి. పెన్సిల్ జడలో గుచ్చుకుని, అది కనపడక టేబులంతా వెతుక్కుంటుంది. ఆవిడే అతనికి మూడో నంబర్ కంప్యూటర్ ఇచ్చి, కెమెరా తగిలించి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, మెయిల్ ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ పెట్టుకోమంది. బతుకంతా అక్షరాలు రాసినవాడు, కీబోర్డు మీద ఒక్కో అక్షరం కోసం తప్పిపోయిన మేకను వెతికినట్టు వెతికాడు. ఇదంతా అయ్యేసరికి నాలుగూ పది.

తెర మీద గోడ కనపడింది. గోడ పక్కన గువ్వ కనపడింది. తల్లి ఎలా కూర్చోబెట్టిందో ఏమో, ముఖం పక్కకి తిప్పుకుని, గౌను అంచు నలుపుతోంది. ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. అవి ఊడిన సంగతి అతనికి తెలియదు.

"గువ్వా!" అన్నాడు పెయింటర్.

అన్నాడంటే బాగుండదు. హాల్లో పేపర్లు చదివేవాళ్లందరూ ఒక్కసారిగా లేచారు. పక్క కంప్యూటర్లో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతున్న నర్సు చేతిలోంచి కాగితాలు జారిపోయాయి. తెర మీద గువ్వ ఉలిక్కిపడి కుర్చీ దిగింది. ఆ తర్వాత ఖాళీ కుర్చీ ఒకటే కనపడింది. ఇరవై నిమిషాలు అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

లైబ్రేరియన్ వచ్చి గోడ మీది బోర్డు చూపించింది. ‘నిశ్శబ్దం పాటించండి.’

"ఏమండీ పెయింటర్ గారూ, చదవడం రాదా?"

"అది రాసింది నేనే మేడం" అన్నాడు అతను, తల వంచుకుని.

ఆవిడకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. "రాసినవాళ్లకీ అదే రూలు. ఇంకోసారి గొంతు లేచిందంటే కంప్యూటర్ ఇవ్వను. ఖచ్చితంగా చెప్తున్నా."

రెండో శనివారం అతను పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. గువ్వ ఈసారి కుర్చీలో సగమే కూర్చుంది, ఏ క్షణమైనా దూకడానికి సిద్ధంగా. అతనికి మాట్లాడే వీల్లేదు. మాట్లాడకుండా కూతురి ముందు ఏం చెయ్యాలో తోచలేదు. టేబుల్ మీద పుస్తకాలడిగే చీటీలుంటే ఒకటి లాగి, దాని వెనక ‘గువ్వ’ అని రాశాడు. ఊరికే రాయడం అతనికి రాదు గనక, ప్రతి గీతా ఒంపు తిప్పి, నీడలు పెట్టి, పేరు చివర ఒక పిట్టను కూర్చోబెట్టి కెమెరాకి చూపించాడు.

పిల్ల చూసింది. మూతి కదల్లేదు, కానీ చూసింది. అరగంట అయ్యేదాకా కుర్చీ దిగలేదు. దిగకపోవడమే అతనికి బ్రహ్మాండంగా ఉండాల్సింది. కానీ అప్పుడే అతని కంట్లో నలుసు పడినట్టయింది. తెర మీద ఒక మూల తన బొమ్మ చిన్నగా కనపడుతోంది. అందులో తన చేతిలోని చీటీ కూడా ఉంది, అక్షరాలన్నీ కుడి ఎడమలు తిరగబడి.

‘అయ్యో, తిరగేసి కనపడుతోందన్నమాట! చిన్నపిల్ల, ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటోంది. ఎలా చదువుతుంది?’ అనుకుని తెగ బాధపడ్డాడు. తన తెర మీద తనకి మాత్రమే అద్దంలోలా కనపడుతుందనీ, అవతలి వాళ్లకి అన్నీ సరిగ్గానే కనపడతాయనీ అతనికెవరూ చెప్పలేదు. అడిగి తెలుసుకునేవాడూ కాదు.

వేరే ఎవరైనా అయితే అక్కడితో చేతులెత్తేసేవాళ్లు. ఇతను పెయింటర్. కొట్టు అద్దాల తలుపుల మీద రాసేటప్పుడు, వానకి రంగు పోకుండా లోపలివైపు నుంచి రాస్తారు, బయటివాళ్లకి సరిగ్గా కనపడేలా ప్రతి అక్షరాన్నీ తిరగేసి. ఆ పనిలో ఇతన్ని మించినవాళ్లు లేరు. వారమంతా పని నుంచి రాగానే దీపం ముందు కూర్చుని, అట్టముక్కల మీద పదిహేను మాటలు తిరగేసి రాశాడు. పిల్లి అని రాసి లావత్తును తోకలా లాగాడు. చేప అని రాసి పొలుసులు దిద్దాడు. అట్టలు సంచిలో పెట్టుకుంటూ, ఇక చూడండి నా తడాఖా అన్నట్టు మీసం సర్దుకున్నాడు.

మూడో శనివారం మొదటి అట్ట ఎత్తాడు. తన బొమ్మలో అక్షరాలు చక్కగా, తిన్నగా కనపడ్డాయి. సంబరపడ్డాడు. గువ్వ తల ఒకవైపుకి వంచింది. మరోవైపుకి వంచింది. రెండో అట్టకి కనుబొమలు ముడిపడ్డాయి. మూడో అట్టకి కుర్చీ దిగి వెళ్లిపోయింది.

పెయింటర్ ఇంతేలే అనుకున్నాడు. అట్ట పట్టుకున్న చెయ్యి దించడం కూడా మర్చిపోయాడు.

అప్పుడు హెడ్‌ఫోన్లలో, దూరంగా, భార్య గొంతు వినపడింది. "తిరగేసి రాశారే మీ నాన్న. అద్దాల మీద అలాగే రాస్తారు. చాలా కష్టమైన పని అది. ఉండు, ఇదిగో."

ఒక చెయ్యి తెరలోకి వచ్చి, కుర్చీ మీద గుండ్రటి చేతి అద్దం పెట్టింది. ఆ చెయ్యి అతను ఆర్నెల్లుగా చూడలేదు. తన పని గురించి ఆవిడ గొంతులో విసుగు లేని మాట విని మాత్రం ఇంకా ఎక్కువ కాలమే అయింది.

గువ్వ వచ్చి, ఫోన్‌కి వీపు తిప్పి కూర్చుని, అద్దం ఎత్తి పట్టుకుంది. ఇప్పుడు పెయింటర్‌కి కనపడుతున్నవి రెండే రెండు: కూతురి జడ పాయ, అద్దంలో దాని కళ్లు. ఆ కళ్లు అక్షరం తర్వాత అక్షరం నడుస్తున్నాయి.

"పి... పిల్... పిల్లి!" అని అరిచి, తల పక్కకి తిప్పి, ఊడిన పళ్ల సందులోంచి నవ్వింది. "అమ్మా, పిల్లికి తోకుంది!"

అది అతని చెవుల్లోనే మోగింది. హాల్లో ఇంకెవరికీ వినపడలేదు. పెయింటర్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. పక్కనున్న నర్సు చూసి, చూడనట్టే తన కాగితాల్లోకి తల దించేసింది. పదిహేను అట్టలూ అద్దంలో చదవడం అయ్యాక, పిల్ల ఒక్కటి అడిగింది, "ఇంకా లేవా?" అని.

నాలుగో శనివారం అతను ముప్ఫై అట్టలతో వచ్చాడు. గువ్వ అద్దంతో సిద్ధంగా ఉంది. ఏనుగయింది, గొడుగయింది, రైలయింది. రైలు చదివాక పిల్ల అద్దం ఒళ్లో పెట్టుకుని, ఇటు తిరిగి, అతన్నే చూసింది.

"నాన్నా, నువ్వెందుకు మాట్లాడట్లేదు? నా మీద కోపమా?"

పెయింటర్ గబగబా ఖాళీ అట్ట తీసి, తిరగేసే తీరిక కూడా లేక తిన్నగానే రాశాడు. ‘ఇక్కడ మాట్లాడకూడదు.’

తిన్నగా రాసింది పిల్ల అద్దం లేకుండానే చదివేసింది. అది కూడా అతను గమనించలేదు.

"మెల్లిగా కూడానా?"

ఈ సంగతి అతనికి తట్టనే లేదు. మాట్లాడటమంటే అతనికి తెలిసింది ఒక్కటే. సాయం కోసం లైబ్రేరియన్ వైపు తిరిగి, వేళ్లతో ఇంతే ఇంత అని చూపిస్తూ, నోటి దగ్గర చెయ్యి ఆడించాడు. ఆవిడ మూడు వారాలుగా అన్నీ చూస్తూనే ఉంది.

"మెల్లిగా అయితే రూలు అడ్డు రాదండీ" అంది, మెల్లిగా అంటే ఎంతో తెలిసేలా. "మీకు చేతనైతే."

పెయింటర్ మైకు దగ్గరికి వంగాడు. నిచ్చెన చివరి మెట్టు మీద ఒంటికాలి మీద నిలబడి రాసినప్పుడు కూడా అతనికి అంత చెమట పట్టలేదు. ఎక్కడ గొంతు చెయ్యి దాటిపోతుందో, ఎక్కడ ఆ కుర్చీ మళ్లీ ఖాళీ అయిపోతుందోనని భయం.

"గువ్వా" అన్నాడు.

నర్సుకి వినపడలేదు. అతనికే సరిగ్గా వినపడలేదు. తెర మీద మాత్రం గువ్వ ముందుకి జరిగి, చెవి తెచ్చి ఫోన్‌కి ఆనించింది. తెర నిండా ఆ చిన్న చెవే.

"కోపం లేదమ్మా. నీ మీద ఎప్పుడూ లేదు. ఇంట్లో ఊరికే అరిచేవాణ్ని. నువ్వు భయపడేదానివి. తప్పు నాదే."

చెవి కదల్లేదు.

"నీ పళ్లు ఎప్పుడు ఊడాయి?"

"ఒకటి స్కూల్లో. ఒకటి బిస్కెట్ తింటుంటే" అంది గువ్వ, తనూ గొంతు తగ్గించి. "నాన్నా, ఇంకా మాట్లాడు."

అతను మాట్లాడాడు. నిచ్చెన గురించి, రంగు డబ్బాలో పడి పసుపుపచ్చగా తేలిన బల్లి గురించి. మాట్లాడినంతసేపూ తన గొంతును నిండు గ్లాసు మోస్తున్నట్టు జాగ్రత్తగా పట్టుకున్నాడు. అరగంట ఎప్పుడో దాటిపోయి, కంప్యూటర్‌కిచ్చిన గంట కూడా కావస్తోందని తెర కింద అంకెలు కనపడ్డాయి.

ఇంతలో పిల్ల చెవి తీసేసి, పక్కకి తిరిగి, ఇల్లెగిరిపోయేలా కేకేసింది. గొంతు మాత్రం అచ్చం తండ్రిదే.

"అమ్మా! తొందరగా రా! నాన్నకి మెల్లిగా మాట్లాడటం వచ్చేసింది!"

తల్లి తెరలోకి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, పిల్ల వెనక నిలబడింది. అరిచే మనిషి ముందు నిలబడటం అలవాటైన ఒళ్లు, కొంచెం వెనక్కే ఉంది. పెయింటర్ చేతిలో ఉన్న అట్టను అటూ ఇటూ తిప్పాడు.

"బాగున్నావా?" అన్నాడు చివరికి, అదే గొంతుతో.

ఆవిడ కళ్లు తడిశాయి, పెదవి మీద మాత్రం కోపమో నవ్వో తెలియనిదేదో ఉంది.

"ఇప్పుడొచ్చిందా?" అంది.

అతను తలూపాడు. ఆవిడ వంగి, గువ్వ నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది.

"వచ్చే శనివారం మూడున్నరకే రండి. అరగంట దీనికి సరిపోవట్లేదు."