నింద మోసిన సెన్సార్

నేను ఒక ముక్కును. కారు పొగగొట్టంలో మూతి పెట్టుకుని, ఇంజన్ వదిలే పొగలో ఆక్సిజన్ ఎంతుందో రోజంతా వాసన చూడటమే నా పని. ఎక్కువుంటే ఇంజన్‌కు పెట్రోలు చాలడం లేదని, తక్కువుంటే పెట్రోలు ఎక్కువైందని సన్నటి తీగలోంచి కంప్యూటర్‌కు చాడీలు చెబుతాను. నన్ను ఆక్సిజన్ సెన్సార్ అంటారు. పుట్టుకతోనే అనుమానపు పక్షిని. ఇంజన్‌ను నమ్మను, మనుషుల్ని అసలే నమ్మను.

ఎక్కడో ఫ్యాక్టరీలో పింగాణీ ముక్కకు ఉక్కు చొక్కా తొడిగి, నాలుగు తీగలు తగిలించి నన్ను తయారుచేశారు. విజయవాడలో భాస్కరంగారి కారులో కుదురుకున్నాను. ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. డ్రైవరు సాంబయ్య పదకొండేళ్లుగా ఆయన దగ్గరే పనిచేస్తున్నా, కారు దిగేముందు పెట్రోలు ముల్లు వైపు ఓ చూపు వెయ్యకుండా ఆయన దిగరు. అందుకే నాకాయన నచ్చారు.

ఆ అక్టోబరులో ముల్లు తొందరతొందరగా పడిపోవడం మొదలైంది. స్టీరింగు ముందున్న ఇంజన్ హెచ్చరిక లైటు కూడా వెలిగింది. దగ్గర్లోని షెడ్డువాళ్లు మిషను పెట్టి చూసి, "సెన్సార్ పోయిందండి" అనేశారు. నేను చెప్పేది ఒకటి, అవతలికి చేరేది ఇంకొకటి అని నేనెవరితో మొరపెట్టుకోను? నన్ను పీకేసి కొత్తదాన్ని బిగించారు. సాంబయ్య నన్ను కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. పాత ఇనుము కొట్టులో అమ్మేస్తాడనే అనుకున్నాను.

వారం తిరక్కుండానే లైటు మళ్లీ వెలిగింది.

"సామాను కొత్తది వేశాం సాంబయ్యా. ఇంక మారనిది నువ్వొక్కడివే," అన్నారు భాస్కరంగారు. "పెట్రోలు ఎటు పోతోందో నువ్వే చెప్పు."

"అమ్మతోడు సార్, చుక్క కూడా ముట్టుకోలేదు."

"ముట్టుకున్నవాడు ఎవడు ఒప్పుకున్నాడయ్యా?"

నన్ను అమ్మకుండా ఇంకా జేబులోనే ఉంచుకున్నాడు కాబట్టి సాంబయ్య గుండె దడదడ నాకు వినిపించింది. అయినా నిజం చెప్పాలి, అప్పుడు నేను భాస్కరంగారి పక్షమే.

"ఒక్కసారి ఆటోనగర్ రండి సార్. అక్కడా ఏమీ తేలకపోతే దొంగనే అనుకోండి," అన్నాడు సాంబయ్య. ఆ పేరుతో బయటపడితే ఊళ్లో ఇంకెవరూ స్టీరింగు చేతికివ్వరని అతనికి తెలుసు.

ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ మస్తాన్ ఎవరినీ ఏమీ అడగలేదు. సాంబయ్య జేబులోంచి తీసి ఇవ్వగానే నా తీగలకు మీటరు తగిలించి, నా మూతిని గ్యాసు మంటలో పెట్టాడు. నాకు అగ్నిపరీక్ష అన్నమాట. మంటలో మీటరు అంకె పెరిగింది, మంట తీయగానే తగ్గింది.

"శుభ్రంగా పనిచేస్తంది. దీన్నెందుకు పీకారండీ?" అన్నాడు.

తర్వాత ఇంజన్ స్టార్టు చేయించి, కొత్త సెన్సార్ తీగ బండి తీగతో కలిసే సాకెట్ దగ్గర రెండు వైపులా మీటరు పెట్టాడు. ఇవతల అంకె గెంతులేస్తోంది. అవతల అడుగునే పడి ఉంది.

"ఇది చెప్తానే ఉంది, కంప్యూటర్‌కే ఇనపడట్లా," అని సాకెట్ ఊడదీశాడు. బండి వైపు పిన్నుల చుట్టూ ఎర్రగా, పచ్చగా ఏదో అంటుకుని ఉంది. గోటితో గీకి వాసన చూశాడు. "పసుపు కుంకుమ సార్. నీళ్లతో లోపలికి దిగి చిలుం పట్టింది. సెన్సార్ మాట సగంలోనే చచ్చిపోతంటే, పెట్రోలు చాలట్లేదనుకుని కంప్యూటర్ పోయించేస్తంది. ఇంజన్‌కి బొట్లు ఎవరు పెట్టారండీ?"

సాంబయ్య తల దించుకున్నాడు. దసరాకి ఆయుధపూజ చేస్తూ, "నీకు శ్రద్ధ లేదు, జరుగు" అని అతన్ని పక్కకు తప్పించి, ఒక్క భాగం వదలకుండా బొట్లు పెట్టింది భాస్కరంగారే.

మస్తాన్ పిన్నులు కడిగి లైటు ఆర్పేశాడు. భాస్కరంగారు గొంతు సవరించుకున్నారు.

"సరే, బాగైపోయిందిగా. రేపు ఆరింటికల్లా వచ్చెయ్ సాంబయ్యా, గుంటూరు వెళ్లాలి."

పొరపాటు తనదన్న మాట ఒక్కటైనా వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. ఆయన మీద ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఆయన పక్షాన ఉన్నందుకు నా మీద నాకే సిగ్గేసింది.

సాంబయ్య తాళాలు ఆయన చేతిలో పెట్టాడు.

"దొంగని కాదని తేలింది, అది చాలు సార్. రేపు ఇంకో లైటు వెలిగినా మీరు ముందు నా మొహమే చూస్తారు. నేను రాలేను."

నేనిప్పుడు మస్తాన్ బల్ల మీద పాత సామాన్ల డబ్బాలో ఉన్నాను. ఆ రోజు అక్కడినుంచే చూశాను. భాస్కరంగారు స్టీరింగు ముందు కూర్చున్నారు. తను నడిపి పదకొండేళ్లయింది కదా, సీటు ముందుకు జరుపుకోవడం ఎలాగో తెలియలేదు. "సాంబయ్యా!" అంటూ తల బయటికి పెట్టి చూశారు. సాంబయ్య అప్పటికే బస్సెక్కేశాడు.