నోరు పడిపోయిన గురువారం

ఆ గురువారం సాయంత్రం ఆరూ నలభై రెండుకు సాక్షాత్తు దేవుడే సంఘ పెద్ద నోరు మూయించాడని ఊరంతా నమ్ముతుంది. అబద్ధం పెదవి దాటీ దాటకముందే నాలుక కొయ్యబారిందట. ముగ్గురు గొంతు డాక్టర్లు లైట్లు వేసి చూసి, ఇది మా చదువుకు అందే జబ్బు కాదని చేతులెత్తేశారట. కళ్ళారా చూసినవాళ్ళు నూటపన్నెండు మంది. ఒకరు చెబితే పుకారు గాని నూటపన్నెండు మంది చెబితే సాక్ష్యం కాదా అని నమ్మినవాళ్ళు అడుగుతారు. మడతల బల్ల దగ్గర పనిచేసే అక్క మాత్రం ఈ సంగతి ఎవరెత్తినా అవుననదు, కాదనదు. దుప్పటి అంచులు కలిపి మడత పెట్టుకుంటూ ఉంటుంది.

ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పదహారేళ్ళుగా పనిచేస్తోంది. ఆ లాండ్రీకి గుండెకాయ ఆవిరితో కాగే ఇస్త్రీ రోలరు. ఒకవైపు ఇద్దరు నిలబడి తడి దుప్పటిని చెరో కొస పట్టి రోలరుకు అందిస్తారు. అవతలివైపు అది పొడిగా, పెళపెళలాడుతూ మడతల బల్ల మీదికి వస్తుంది. అందించే ఇద్దరిలో ఒకతె అక్క తోడబుట్టిన చెల్లెలు.

ఆ గురువారానికి నెల ముందు, ప్రమాదం జరిగిన రోజున అక్కకు ముందుగా తెలిసింది కేక వల్ల కాదు, దుప్పటి వల్ల. తెల్లటి గుడ్డ మీద జానెడు ఎర్ర మరక, వేడికి అంచులు అప్పుడే నల్లబడుతూ ఆమె చేతుల్లోకి వచ్చింది. ఆసుపత్రి గుడ్డల మీద మరకలు కొత్తేమీ కావు. సరిగ్గా ఉతకలేదని ఒక్క క్షణం ఉతికేవాళ్ళను తిట్టుకుంది. ఆ ఒక్క క్షణాన్ని ఆమె ఈనాటికీ తనకు తాను క్షమించుకోలేదు. బాయిలరు తాత పరుగున వచ్చి మెయిన్ స్విచ్చి లాగేసరికి చెల్లెలి కుడిచేతికి నాలుగు వేళ్ళు పోయాయి. బొటనవేలు మిగిలింది.

అవి పోవలసిన వేళ్ళు కావు. రోలరు నోటికి అడ్డంగా ఒక ఇనుప కమ్మీ ఉండేది. వేలు తగిలితే చాలు, మిషను టక్కున ఆగిపోయేది. అయితే దుప్పటి ఉండచుట్టుకుని తగిలినా ఆగేది. పూటకు పదిసార్లు పని ఆగుతోందని యజమాని నాలుగు నెలల కిందట దాన్ని విప్పించాడు. విప్పినవాడు మెకానిక్ బాబాయ్. చూసినవాళ్ళు అందరూ.

ప్రమాదం కబురు విని యజమాని వచ్చాడు. మొదట మోకరించి ప్రార్థన చేశాడు. తర్వాత రోలరు కడిగించాడు. అక్కడ ఆసుపత్రిలో చెల్లెలిని ఆపరేషను బల్ల ఎక్కించకముందే ఇక్కడ రోలరు మళ్ళీ తిరిగింది. చెల్లెలి స్థానంలో మెకానిక్ బాబాయ్ కోడలిని నిలబెట్టారు.

ఆ యజమానే సంఘ పెద్ద. లాండ్రీలో సగానికి పైగా మనుషులు ఆ సంఘంలోవాళ్ళే. షిఫ్టుల పనివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు చర్చికి రాలేరని పాస్టరు అయ్యగారు ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి ఫోన్లలో కూటం పెట్టారు. తెర మీద అగ్గిపెట్టెలంత గళ్ళు, గడికొక ముఖం. పాట, ప్రార్థన, వాక్యం అయ్యాక ఆఖరున ‘న్యాయం కోసం పది నిమిషాలు’ ఉండేది. దాన్ని కూడా అయ్యగారే, మంచి మనసుతోనే మొదలుపెట్టారు. ఎక్కడో గనుల్లో సమాధి అయినవాళ్ళ కోసం, ఏ సముద్రం అవతలో జైళ్ళలో మగ్గేవాళ్ళ కోసం విన్నపాలు తయారయ్యేవి. అందరూ సంతకాలు పంపేవారు. చదివేది మాత్రం ఎప్పుడూ సంఘ పెద్దే. ఆ గొంతు అలాంటిది. అందులో గంట ఉంది, కన్నీరు ఉంది, అవసరమైనప్పుడు ఉరుమూ ఉంది. దూరపు కొండలు నునుపంటారు. ఆయనకు దూరపు గాయాలే ఎరుపు.

ప్రమాదం జరిగిన వారం ఆయన చెల్లెలి కోసం ప్రార్థించాడు. తొందరపాటుతో తన చేతిని తానే పోగొట్టుకున్న ఈ బిడ్డకు ఓర్పు దయచేయమన్నాడు. నలుమూలల నుంచీ ఆమెన్లు వినిపించాయి. అక్క మైకు తెరిచింది.

"అయ్యగారూ, ఒక్క మాట అడుగుతానండి. మనం న్యాయం అడగాలంటే ఆ మనిషి ఎన్ని మైళ్ళ దూరంలో ఉండాలి?"

విప్పేసిన కమ్మీ గురించి ఆమె చెప్పుకుపోయింది. ఏ నెలలో విప్పారో, ఎవరు విప్పమన్నారో అన్నీ చెప్పింది. ఒక్క ముఖం కూడా చలించకపోవడం ఆమెకు వింతగా తోచింది. చివరికి చూసుకుంటే తన గడిలో మైకు బొమ్మ మీద ఎర్ర గీత అడ్డంగా ఉంది. పెద్దాయన సైగ చేస్తే, కూటం నడిపే పాస్టరమ్మగారు ఎప్పుడో నొక్కేశారు. అక్క ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోలేదు. నడిపేవాళ్ళు మూస్తే వాళ్ళే తెరవాలట. నోరు నొక్కేయడమన్నది అంతవరకూ ఆమెకు ఒక మాటగానే తెలుసు.

మర్నాడు భోజనాల వేళ తడిగుడ్డల బళ్ళ వెనక నలభై మంది చేరారు. పిలుపేమీ లేదు. ఎవరికి వారే వచ్చారు. కొందరు భయపడ్డారు, కొందరు సర్ది చెప్పబోయారు. ఆయన దేవుడి మనిషి, దేవుడే చూసుకుంటాడని ఉతికేవాళ్ళలో ముసలామె అంది.

"దేవుడికి లోకంలో ఎన్ని మిషన్లో, పిన్నీ," అంది అక్క. "మనకున్నది ఈ ఒక్కటే. దీన్ని మనమే చూసుకుందాం."

ఆమె కోరిక ఒక్కటే. ఆయన చెయ్యి కూడా ఆ రోలరులోకి పోవాలి. ఆ మాట దాచుకోకుండా పైకే అనేసింది. వింటున్నవాళ్ళలో చాలామందికి అది తమ కడుపులోని మాటే. బాయిలరు తాత మాత్రం తల అడ్డంగా తిప్పాడు. ఆయన ఏ కూటానికీ వెళ్ళడు. అగ్నిని దగ్గర నుంచి చూసినవాణ్ణి, నరకం నాకు కొత్త కాదంటాడు.

"చెయ్యి తీసి ఏం చేసుకుంటావే పిచ్చిదానా? చెయ్యి పోతే ఆయనకు చెప్పుకోవడానికి ఇంకో సాక్ష్యం దొరుకుతుంది, అంతే. ఆయన బలం చేతిలో లేదు, నోట్లో ఉంది. తీసుకుంటే అది తీసుకో."

మెకానిక్ బాబాయ్ గోడ వైపు తిరిగి స్పానరు తుడుచుకుంటున్నాడు. చెప్పిన పని చేశాను, నాదేం తప్పని గొణిగాడు. అక్క ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది.

"బాబాయ్, మీ కోడలు ఇంటికొచ్చాక రోజూ వేళ్ళు లెక్కపెడుతున్నారా?"

తుడుస్తున్న ఆయన చెయ్యి ఆగింది.

నెల తిరిగేసరికి కార్మిక శాఖ ఇనస్పెక్టరు విచారణకు వస్తాడని తెలిసింది. పెద్దాయన తెలివైనవాడు. విచారణకు ముందే ఇనస్పెక్టరును గురువారం కూటానికి ఆహ్వానించాడు, పనిచోట భద్రత గురించి నాలుగు మాటలు చెప్పమని. ఆ కూటంలో చెల్లెలు సాక్ష్యం చెప్పాలి. తప్పు తనదేనని, యజమాని తనను క్షమించాడని అనాలి. నూటపన్నెండు మంది వింటారు, ఇనస్పెక్టరూ వింటాడు, దస్త్రం మూతపడుతుంది. కమ్మీ ఇక ఎన్నటికీ రోలరు ఎక్కదు.

పైగా తన దయకు రుజువుగా ఆమెకు ఒక పని ఇప్పించాడు. పాస్టరమ్మగారికి కంటి ఆపరేషను కావడంతో గురువారం కూటం నడిపే పని ఖాళీగా ఉంది. "చేతికి పనికిరాకపోయినా మనం వదిలెయ్యలేదు. కూర్చుని చేసే పని ఇచ్చాం" అని ఆయన కూటంలోనే చాటాడు. ఆ పని బొటనవేలితో కూడా చెయ్యొచ్చని నవ్వాడు. కొందరు నవ్వారు కూడా. ఆ నవ్విన గళ్ళు ఏవో అక్క ఒక్కటొక్కటిగా గుర్తుపెట్టుకుంది.

బళ్ళ వెనక భోజనాల వేళ కూటాలు పెరిగాయి. ఎవరు ఏం చూశారో అక్కడే ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. విన్నది వద్దు, చూసింది మాత్రమే చెప్పండి అని తాత పదేపదే అన్నాడు. ముసలామె ముందు ఆవేశపడి, కమ్మీ విప్పిన రోజున ఆకాశం ఎర్రబడిందంది. ఆకాశం వద్దు పిన్నీ, కమ్మీ చాలు అన్నారు అందరూ. బుధవారం నాడు మెకానిక్ బాబాయ్ తొలిసారిగా గోడ వైపు కాక మనుషుల వైపు తిరిగి కూర్చున్నాడు. కమ్మీ సామాన్ల గదిలో పాత పైపుల కింద ఉందని, రేపు చూపిస్తానని అన్నాడు.

అక్క దిగులు తీరలేదు. ఆ సాయంత్రం చెల్లెలికి జడ వేస్తూ, ఎన్ని నేర్చుకుని ఏం లాభం, పెద్దాయన సైగ చేస్తే మళ్ళీ అందరి నోళ్ళూ నొక్కేస్తారు కదా అంది. చెల్లెలు ప్రమాదం తర్వాత మాటలు తగ్గించేసింది. అద్దంలో అక్కను చూస్తూ ఒక్క మాటే అంది.

"ఈసారి మన నోళ్ళు కావులే అక్కా."

గురువారం వచ్చింది. చెల్లెలు చర్చి ఆఫీసు గదిలో అయ్యగారి పక్కన కూర్చుని కూటం తెరిచింది. పాట అయింది, ప్రార్థన అయింది. ఆ పూట వాక్యం పొట్టిగా ముగించి ఇనస్పెక్టరు గడిని పైకి తెచ్చారు. చెల్లెలి సాక్ష్యానికి ముందు పెద్దాయన ఉపోద్ఘాతం మొదలుపెట్టాడు. తన లాండ్రీలో ప్రతి మిషనుకూ రక్షణ ఉందన్నాడు. ఆ రోజు కూడా కమ్మీ దాని స్థానంలోనే ఉందన్నాడు. ఆ పిల్లే దాన్ని పక్కకు నెట్టి చెయ్యి పెట్టిందన్నాడు. ఆయన గొంతులోని గంట బాగా మోగుతోంది. దానికి తానే మురిసిపోయి చెయ్యి పైకెత్తాడు.

"దేవుని ఎదుట చెబుతున్నాను. ఇందులో అణువంత అబద్ధముంటే ఈ క్షణమే నా నోరు పడిపోవుగాక."

పడిపోయింది.

పెదవులు కదులుతున్నాయి, మెడనరాలు ఉబ్బుతున్నాయి, వేలు ఆకాశం వైపు లేస్తోంది. మాట మాత్రం లేదు. నూటపన్నెండు ఫోన్లలో నిశ్శబ్దం. ఏ గడిలోనో ముసలామె "ఆమెన్" అంది.

ఆ నిశ్శబ్దంలో మెకానిక్ బాబాయ్ గడి వెలిగింది. ఆయన రెండు చేతులతో ఇనుప కమ్మీని ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదిగోనండి కమ్మీ. ఈయన విప్పమంటే నేనే విప్పాను. ప్రమాదం నాటికి నాలుగు నెలలైంది. బుద్ధి తక్కువై విప్పాను. ఇప్పుడు చెబుతున్నాను."

తర్వాత బాబాయ్ కోడలు చెప్పింది. ఉతికేవాళ్ళు చెప్పారు. జీవితంలో కూటం ముఖం చూడని బాయిలరు తాత కూడా పక్కవాడి ఫోనులో తల దూర్చి, స్విచ్చి తానే లాగానని, అప్పుడు కమ్మీ లేదని చెప్పాడు. అక్క తాను పట్టుకున్న దుప్పటి సంగతి చెప్పింది. ఎవరి మైకూ మూసుకోలేదు. ఇనస్పెక్టరు కళ్ళజోడు సర్దుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు. పెద్దాయన గడిలో నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. తన మాట ఎవరూ లెక్కచేయడం లేదని మొదట ఆయన కోపగించాడు. మధ్యలో నీళ్ళు తాగాడు. ఇంకా ఎవరూ వినకపోయేసరికి గొంతు తడుముకున్నాడు. ఆ తడుముకోవడంలో భయం ఉంది. అక్క ఆ భయాన్ని కళ్ళార్పకుండా, కడుపు నిండా చూసింది. చెల్లెలికి మత్తు దిగిన నాటి ముఖం పక్కన దాన్ని పెట్టి చూసుకుంది. ఇంకా చాలదనిపించింది.

మర్నాడు రోలరు కాగింది గాని ఎవరూ దుప్పటి అందించలేదు. కమ్మీ ఎక్కించాకే చేతులు ఎక్కుతాయన్నారు. పెద్దాయన వచ్చి అరిచాడు, బెదిరించాడు, బతిమాలాడు. నలభై మందిలో ఒక్కరూ తలెత్తలేదు. జవాబు లేని మాట మాట కాదు కాబట్టి, ఆయన నోరు ఇంకా తిరిగి రాలేదనే బయటికి పొక్కింది.

మధ్యాహ్నానికి ఆయన చెయ్యగలిగిన పని చేశాడు. తన సామాన్ల గదిలో అయిదు నెలలుగా భద్రంగా ఉన్న ఇనుప కమ్మీని మెకానిక్ దొంగిలించాడని ఫిర్యాదు రాసిచ్చాడు. పోలీసులు బాబాయ్‌ను కమ్మీతో సహా తీసుకుపోయారు. వెనకే నలభై మంది నడిచారు. పక్క లాండ్రీ గేటు దగ్గర మరో ముప్ఫై మంది కలిశారు, మా రోలరుకూ కమ్మీ లేదంటూ. అందరూ స్టేషను మెట్ల మీద కూర్చున్నారు. కార్మిక శాఖ ఇనస్పెక్టరు వచ్చి ఫిర్యాదును రెండుసార్లు పైకి చదివాడు. బాయిలరు తాత నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అయిదు నెలలుగా గదిలో ఉంటే నెల కిందట రోలరు మీద ఎలా ఉందయ్యా? ఆయన గోతికి ఆయనే కొలతలు ఇచ్చాడు."

బాబాయ్‌ను ఇంకా వదల్లేదు. మెట్ల మీద నుంచి ఎవరూ లేవలేదు. లోపల కటకటాల వెనక నుంచి బాబాయ్, కోడల్ని రోలరు దగ్గరికి పోనివ్వొద్దని కేకేశాడు. పోనివ్వం, మేమెవరమూ పోం అని డెబ్బై గొంతులు జవాబిచ్చాయి. మెట్ల మీద పక్క లాండ్రీ ఆడమనిషి ఒకతె అక్క చెవి దగ్గరికి వంగి, మీ దేవుడు మా యజమాని నోరు కూడా మూస్తాడా అని ఆశగా అడిగింది. అక్క ఆమె వైపు చూసింది, పై మెట్టు మీద కూర్చున్న చెల్లెలి వైపు చూసింది.

ఆయన గొంతుకు ఏ జబ్బూ లేదు. ఏ డాక్టరూ చూడలేదు. ఆ గురువారం ఆరూ నలభై రెండుకు చర్చి ఆఫీసు గదిలో, అయ్యగారు చూస్తుండగానే, ఆయన పేరు పక్కనున్న మైకు బొమ్మను చెల్లెలు బొటనవేలితో నొక్కింది.